అద్దె ఇళ్ళు కడతానంటున్న అనూషకి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అనూషకి మావయ్య ఆశీస్సులు.

విజయవాడ సింగ్‌నగర్ వైపు మున్సిపల్ కార్మికులకీ ఆటోవాళ్ళకీ 32 ఫ్లాట్లు కట్టి, లాభం చూసుకోకుండా అద్దెకిస్తారట కదా. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉంది తల్లీ, భయంగానూ ఉంది.

సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభాపేక్ష లేని సంస్థ, పెట్టే పనులు ఆడిటర్ చూసుకుంటాడు. స్థలం రిజిస్ట్రేషన్‌కి వీల్లేని భూముల 22ఏ నిషేధిత జాబితాలో లేదని మాత్రం నువ్వే చూసుకో.

పది లక్షల అప్పుకి 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళకి నెల కిస్తీ సుమారు 8,997 రూపాయలు. అదే 6 శాతానికి 30 ఏళ్ళయితే 5,996. నెలకి 18 వేలు సంపాదించే ఇల్లు అద్దెకి ఆరు వేలు దాటి పెట్టలేదు. కానీ ఆ ఆరు వేలూ బ్యాంకుకే పోతే మోటారు కాలినప్పుడు ఎవరిస్తారు? ఫ్లాటుకి ఏడు లక్షలకి మించి అప్పు చేయకు, అదీ 6 శాతానికి 30 ఏళ్ళకి దొరికితేనే. అప్పుడు కిస్తీ 4,197 దగ్గర ఆగుతుంది. మిగతాది గ్రాంట్లు, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు, విరాళాల నుంచి తేవాలి. ఆ డబ్బు కట్టడానికే వాడు, నెలవారీ ఖర్చుకి ముట్టుకోకు. స్థలం మార్కెట్ రేటుకి కొంటే ఈ లెక్క నిలబడదు. దానమైనా రావాలి, దీర్ఘకాలపు లీజైనా దొరకాలి.

ఇక మా తరం చేసిన తప్పు. అద్దె పెంచకపోవడమే దయ అనుకోవడం. మొదటి ఐదేళ్ళు అంతా బాగానే ఉంటుంది. మరమ్మతుల నిధి, రోజువారీ ఖర్చు ఒకే ఖాతాలో ఉంటాయి. ఓ నెల మోటారు కాలుతుంది, ఓ నెల వాచ్‌మన్ జీతానికి తక్కువవుతుంది, నిధిలోంచి తీస్తారు. కమిటీ ఎన్నికల్లో ‘అద్దె పెంచం’ అన్నవాళ్ళే గెలుస్తారు. ఈలోగా డాబా మీద వెంట్రుకంత పగులు వస్తుంది. వాన నీళ్ళు అందులోంచి స్లాబులోకి దిగుతాయి, లోపల ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, కింద వంటింట్లో పెచ్చులు రాలతాయి. మొదట్లో వాటర్‌ప్రూఫింగ్‌తో పోయే పని స్లాబే విప్పాల్సినదాకా వస్తుంది. స్తోమత ఉన్నవాళ్ళు ఖాళీ చేస్తారు. అద్దెలు తగ్గుతాయి, కిస్తీ తప్పుతుంది, బ్యాంకు వేలం వేస్తుంది. కొన్నవాడు మార్కెట్ అద్దె పెడతాడు. ఎవరి మీద జాలిపడి అద్దె పెంచలేదో, రోడ్డున పడేది వాళ్ళే.

అందుకని మొదటి నెల నుంచే ఫ్లాటుకి 500 రూపాయలు విడిగా తీసిపెట్టు. 32 ఫ్లాట్లకి నెలకి 16 వేలు, పదేళ్ళకి వడ్డీ కాకుండానే 19 లక్షల 20 వేలు. దాన్ని ఇద్దరు సంతకం పెడితే తప్ప కదలని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసిపెట్టు. ఏటా ఏప్రిల్ 1న అద్దె కొద్దిగా పెరుగుతుందని అగ్రిమెంట్లోనే రాయి. భర్త పోయిన ఇల్లాలో, పని పోయిన మనిషో ఉంటే వాళ్ళకోసం వేరే సహాయ నిధి పెట్టు. ఒక్కరి కష్టానికని అందరి అద్దె ఆపొద్దు.

స్థలం ఎప్పటికీ అమ్మకూడదని నిబంధనల్లో రాస్తావని తెలుసు. రాయి. అది చాలదు. 1951లో పోచంపల్లిలో మొదలైన భూదానం, ఊరి భూమిని ఉమ్మడిగా ఉంచే గ్రామదానమై, ఆ ఆలోచన అమెరికా దాకా వెళ్ళింది. జార్జియాలో 1969లో నల్లజాతి రైతులు న్యూ కమ్యూనిటీస్ పేరుతో భూమిని ఉమ్మడిగా పెట్టుకున్నారు. కరువొచ్చి అప్పు తీరక 1985లో ఆ భూమంతా పోగొట్టుకున్నారు. అప్పు ముందు ఏ నిబంధనా నిలవలేదు.

అప్పు తీరాక అద్దె తగ్గించమంటారు, ఒప్పుకోకు. డెన్మార్క్‌లో అప్పు తీరాక కూడా అద్దెలు కడుతూనే ఉంటారు. ఆ డబ్బు 1967లో పెట్టిన జాతీయ నిధికి వెళ్ళి ఇళ్ళ మరమ్మతులకి ఉపయోగపడుతుంది. మీరూ ఆ డబ్బుతో రెండో భవనం మొదలుపెట్టండి.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది కదా. కింద కాపురాలు పెట్టొద్దు, స్తంభాల మీద లేపి పార్కింగుకి వదిలెయ్. మీటర్ బోర్డులు, మోటారు స్టార్టర్ అక్కడి గోడల మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూసి, దానికి రెండడుగులు పైన పెట్టించు. టేపు పట్టుకుని నువ్వే వెళ్ళు, మేస్త్రీ మాట వినకు.

రిజిస్ట్రేషన్‌కి వెళ్ళేముందు లీజు కాగితాలు నాకు పంపు. ప్రతి పేరా చదివి పెన్సిల్‌తో గుర్తులు పెట్టి పంపిస్తాను.

మావయ్య