ఫ్లోరోసిస్ మీద థీసిస్: పళ్లు చూడాలా, నీళ్లు కొలవాలా, ఎముకల దాకా వెళ్లాలా?

మీ ప్రశ్న ఇదీ: ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) థీసిస్‌కి నల్లగొండ వైపు ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు, తీసుకున్నారు. గైడ్ గారేమో స్కూళ్లకు వెళ్లి పిల్లల పళ్లు చూసి డీన్ ఇండెక్స్ (పళ్ల మచ్చల తీవ్రతకు ఇచ్చే స్కోరు) వేసి పూర్తి చేసెయ్యమంటున్నారు. మీకేమో ల్యాబ్ పని ఇష్టం, పైగా ఎముకల సంగతి కూడా కలపాలని ఉంది. "డెంటల్ స్టూడెంట్‌కి ఇవన్నీ అవసరమా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

నేను ఓరల్ పాథాలజీలో ఎండీఎస్ చేశాక కొన్నేళ్లు ఫ్లోరోసిస్ ప్రాజెక్టులోనే పనిచేశాను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో శాంపిళ్లు తీసుకోవడం, వాటిని కెమిస్ట్రీ ల్యాబ్‌లో కొలవడం, ఆర్థో (ఎముకల విభాగం) ఓపీలో కూర్చుని ఎక్స్‌రేలు చూడడం, మూడూ చేశాను. కాబట్టి అనుభవంతోనే చెబుతున్నాను: మీకు ఇవన్నీ అవసరం లేదు. కానీ ఏ కొలత ఏ కాలం గురించి చెబుతుందో తేల్చుకోకుండా ఒక్కటి కూడా మొదలుపెట్టకండి. పన్ను చెప్పేది చిన్నప్పటి సంగతి. మూత్రం చెప్పేది నిన్నా ఇవాళా తాగిన నీళ్ల సంగతి. ఎముకలో ఉండేది ఏళ్ల తరబడి పేరుకున్నది. బోరు నుంచి పట్టిన సీసాడు నీళ్లు ఆ రోజు ఆ బోరు గురించి మాత్రమే చెబుతాయి. ఈ నాలుగింటినీ ఒకే టేబుల్‌లో పక్కపక్కన పెట్టి కోరిలేషన్ రావట్లేదని తల పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అవి ఒకే కాలానికి చెందనప్పుడు ఎలా వస్తుంది?

ఈ విషయం నాకు బాగా అర్థమైంది కోడళ్లుగా వచ్చినవాళ్లను చూశాకే. ఫ్లోరైడ్ ఊరిలో సర్వే చేస్తుంటే, ఆ ఊళ్లోనే పుట్టి ఆ ఊళ్లోనే పెళ్లయిన ఆడవాళ్లకు గారపళ్లు కనిపిస్తాయి. బయటి నుంచి వచ్చినవాళ్లకు పళ్లు శుభ్రంగా ఉంటాయి. ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని నోరు తెరిస్తే ఒక్క మచ్చ లేదు. డీన్ ప్రకారం 'నార్మల్' అని రాసుకోవాల్సిందే. లేవమంటే మాత్రం గోడ పట్టుకుని లేచింది. గడ్డం ఛాతీకి ఆనించమంటే మెడ వంగలేదు. నేల మీద రూపాయి బిళ్ల పెట్టి తియ్యమంటే నడుము వంచలేక మోకాళ్ల మీద కూలబడి తీసింది. "మా అమ్మగారింటి నీళ్లు మంచియి బిడ్డా, పండ్లు మంచిగనే ఉన్నయి. ఈడికొచ్చినంకనే నడుము పట్టింది" అంది. పళ్ల సర్వే ఒక్కటే చేస్తే ఆమె ఆరోగ్యవంతుల లెక్కలోకి వెళ్లిపోతుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కేసులూ ఉంటాయి. చిన్నప్పుడు బోరు నీళ్లు తాగి, ఆ తర్వాత కృష్ణా నీళ్లు వచ్చిన ఇళ్ల కుర్రవాళ్లకు పళ్ల నిండా గార ఉంటుంది, ఎముకలకు మాత్రం ఏమీ ఉండదు.

కారణం ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పొర, తయారయ్యే తీరులోనే ఉంది. జ్ఞానదంతాలు వదిలేస్తే, శాశ్వత పళ్ల ఎనామిల్ సుమారు ఎనిమిదేళ్ల లోపే తయారైపోతుంది. ముందు పళ్లకైతే మొదటి మూడేళ్లే కీలకం. అమెలోబ్లాస్ట్ కణాలు ముందు ప్రోటీన్‌తో అచ్చు పోసి, తర్వాత ఆ ప్రోటీన్‌ను తీసేస్తూ ఖనిజాన్ని నింపుతాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ తీసేసే పని ఆలస్యమవుతుంది, ఖనిజం పూర్తిగా నిండదు, పైపొర కింద సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను చిగురులోంచి వచ్చేటప్పుడు సుద్దలా తెల్లగానే ఉంటుంది. గోధుమ రంగు తర్వాత నోట్లో ఎక్కేదే. ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. స్కూళ్లలో ఈ పిల్లల్ని "పళ్లు తోముకోవా?" అని అందరి ముందూ గద్దించడం నేను విన్నాను. ఎంత తోమినా పోయేది కాదది. మీరు సర్వేకి వెళ్లినప్పుడు ముందు టీచర్లకు ఆ ఒక్క మాట చెప్పండి.

ఇండెక్స్ విషయంలో మీ గైడ్‌తో కొంచెం వాదించండి. డీన్ ఇండెక్స్ 1934లో మొదలైంది, 1942లో దాన్ని సవరించారు. పాత సర్వేలతో పోల్చుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది. కానీ మన దగ్గర తీవ్రమైన కేసులు ఎక్కువ, డీన్ లెక్కలో అవన్నీ 'సివియర్' అనే ఒకే గంపలో పడతాయి. థిల్‌స్ట్రప్, ఫెయెర్‌స్కోవ్ 1978లో ఇచ్చిన టీఎఫ్ ఇండెక్స్‌లో 0 నుంచి 9 వరకు మెట్లున్నాయి. పన్నును ఆరబెట్టి చూడాలి. వాళ్లు పళ్లను కోసి మైక్రోస్కోప్ కింద కనిపించిన మార్పులతో పోల్చి ఆ మెట్లు కట్టారు. ల్యాబా, క్లినిక్కా అని మీరు అడిగారు కదా, క్లినిక్‌లో వాడే ఈ కొలబద్ద పుట్టింది ల్యాబ్‌లోనే. ఏదో కారణంతో తీసేసిన పళ్లు మీకు దొరికితే, వాటికి ముందే టీఎఫ్ స్కోరు వేసి ఉంచి, గ్రౌండ్ సెక్షన్ (పలచగా అరగదీసిన ముక్క) చేసి మైక్రోస్కోప్ కింద పోలరైజ్డ్ లైట్‌లో చూడండి. పైపొర బాగానే ఉండి, దాని కింద గుల్లగా ఉన్న భాగం స్పష్టంగా కనిపిస్తుంది. ఓరల్ బయాలజీ ఇష్టమున్నవాళ్లకు ఇంతకంటే మంచి పని నాకు తెలియదు.

ఇక కెమిస్ట్రీ. చాలా థీసిస్‌లు కుంటుపడేది ఇక్కడే. నీళ్లలో ఫ్లోరైడ్ కొలవడానికి ఎక్కువగా రెండు పద్ధతులు వాడతారు. స్పాడ్న్స్ పద్ధతిలో జిర్కోనియం రంగు కాంప్లెక్స్ ఉంటుంది. ఫ్లోరైడ్ జిర్కోనియంను లాగేసుకుంటే ఎరుపు తగ్గుతుంది, ఆ తగ్గుదలను కొలుస్తాం. చవక, తేలిక. కానీ నీళ్లలో అల్యూమినియం ఉంటే ఫ్లోరైడ్ దానికి అతుక్కుపోయి రీడింగ్ తక్కువ వస్తుంది. మరి నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో ఇచ్చిన నల్లగొండ టెక్నిక్ చేసేదేమిటి? నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి, ఫ్లోరైడ్ తగ్గించడం. అంటే శుద్ధి చేసిన నీళ్లలో పటిక అల్యూమినియం మిగిలి ఉంటే, ఫ్లోరైడ్ నిజంగా తగ్గిన దానికంటే ఎక్కువ తగ్గినట్టు స్పాడ్న్స్ చూపిస్తుంది. బ్లీచింగ్ క్లోరిన్ మిగిలినా రంగు దెబ్బతింటుంది. ప్లాంటు బాగా పనిచేస్తోందని ఈ రీడింగ్ చూసి రాసేస్తే, ఆ నీళ్లు తాగే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

అందుకే నా ఓటు అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌కి. దాని కొనన లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. శాంపిల్‌కి సమానంగా టిసాబ్ బఫర్ కలుపుతాం. అది పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలబెడుతుంది. పీహెచ్ ఇంకా తగ్గితే ఫ్లోరైడ్ హెచ్‌ఎఫ్ (హైడ్రోజన్ ఫ్లోరైడ్)గా మారి కనిపించకుండా పోతుంది, బాగా పెరిగితే హైడ్రాక్సైడ్ అడ్డొస్తుంది. టిసాబ్‌లోని సీడీటీఏ అనే రసాయనం అల్యూమినియం, ఇనుములను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ పదింతలు పెరిగితే రీడింగ్ సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి. మీ స్టాండర్డ్‌లతో ఈ స్లోప్ రాకపోతే ఆ రోజు శాంపిళ్లు పెట్టకండి. గాజు బీకర్లు వద్దు, ప్లాస్టిక్‌వే వాడండి. మాగ్నెటిక్ స్టిరర్ వేడెక్కి శాంపిల్‌ను వెచ్చబెడుతుంది కాబట్టి మధ్యలో చిన్న థర్మోకోల్ ముక్క పెట్టండి. ఎలక్ట్రోడ్ కొనకు గాలిబుడగ అంటుకుందేమో ప్రతిసారీ వంగి చూడండి. ఏసీ లేని ల్యాబ్‌లో పొద్దున చేసిన కాలిబ్రేషన్ మధ్యాహ్నానికి పనికిరాదు.

మూత్రం కూడా ఇదే ఎలక్ట్రోడ్‌తో కొలవొచ్చు. ఒక్కసారి తీసుకున్న శాంపిల్ అయితే, మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే క్రియాటినిన్ కూడా చూసి లెక్క కట్టండి. పొలం పని చేసి చెమటోడ్చిన మనిషి మూత్రం చిక్కగా ఉంటుంది, ఇంట్లో నీడపట్టున ఉన్న మనిషిది పలచగా ఉంటుంది. రెండింటినీ నేరుగా పోల్చకూడదు. ఏ నీళ్లు తాగుతున్నారని అడిగి ఆగిపోకండి. తాగడానికి మిషన్ భగీరథ కుళాయి నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడే ఇళ్లు ఉంటాయి. టీ ఎన్నిసార్లు తాగుతారో కూడా రాసుకోండి, టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2002లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇస్తే పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. అంటే మూత్రంలో ఎక్కువ కనిపించిన ప్రతిసారీ నీళ్లలోనే ఎక్కువుందని అనుకోవడానికి లేదు. ఏం తిన్నారో కూడా తెలియాలి.

ఎముకల దగ్గరికి వస్తాను. మన దేశంలో ఫ్లోరోసిస్ కథ తొలినాళ్లలోనే ఎముకల దాకా వెళ్లింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి రాశారు. అమెరికాలో అయితే పళ్ల మచ్చల వెంటపడి వెళ్లారు. కారణం నీళ్లలోని ఫ్లోరైడే అని 1931లో తేల్చింది చర్చిల్ అనే కెమిస్ట్, డాక్టరు కాదు. నల్లగొండ గురించి సిద్ధిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో లాన్సెట్‌లో పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మన ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు ఒరుసుకునేలా కాళ్లు వంకరపోవడాన్ని, దాంతోపాటు ఎముకలు పలచబడడాన్ని వివరించారు. ఫ్లోరైడ్ అంటే ఎముక చిక్కబడటమే అనుకునేవాళ్లకు ఇది కొత్త సంగతి. తిండిలో కాల్షియం ఎంత, జొన్నలో మాలిబ్డినం ఎంత అనే ప్రశ్నలు అక్కడి నుంచే వచ్చాయి.

ఆర్థో ఓపీలో మీరు తప్పక చూడాల్సింది ముంజేతి ఎక్స్‌రే. రేడియస్, అల్నా మధ్య ఉండే పొర మామూలుగా ఎక్స్‌రేలో కనిపించదు. ఫ్లోరోసిస్‌లో అది సున్నం పట్టి, ఎముక అంచు వెంట తుమ్మకొమ్మకు ముళ్లు మొలిచినట్టు కనిపిస్తుంది. అనాటమీ పుస్తకం తెరిచి, ఏ లిగమెంట్ ఎక్కడ అతుక్కుంటుందో పక్కన పెట్టుకుని చూడండి, సున్నం పట్టే చోట్లన్నీ అర్థమవుతాయి. వెన్నులో ఇదే జరిగితే వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది, కాళ్లలో పట్టు తప్పుతుంది. నడుము నొప్పి అని వచ్చిన మనిషికి కాళ్లు బిగుసుకుపోతున్నాయంటే వెంటనే న్యూరో వాళ్లకు చూపించాలి. థీసిస్ కంటే అది ముఖ్యం.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయిద్దామని మీకు అనిపించొచ్చు. దాని జోలికి వెళ్లే ముందు రిగ్స్ బృందం 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ట్రయల్ చదవండి. మెనోపాజ్ దాటి ఎముకలు గుల్లబారిన 202 మంది ఆడవాళ్లతో నాలుగేళ్లు చేసిన ట్రయల్ అది. సగం మందికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. నడుము దగ్గర సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం మాత్రం ప్లాసిబో (మందు లేని ఉత్త మాత్ర) తీసుకున్నవాళ్లకంటే పెరిగింది. చిక్కగా కనిపించే ఎముకకు బలం ఉంటుందనే నమ్మకం ఫ్లోరైడ్ దగ్గర చెల్లదు. కాబట్టి మీ డెక్సా ఎక్కువ చూపిస్తే దాన్ని మంచి వార్తగా రాయకండి.

మీ థీసిస్‌కి నా సలహా ఇది. స్కూలు పిల్లల్లో టీఎఫ్ స్కోరు తీసుకోండి, దానికి జతగా నీళ్లూ మూత్రమూ ఎలక్ట్రోడ్‌తో కొలవండి. వయసు స్కూలు రికార్డు నుంచి రాసుకోండి. ఇప్పటి నీళ్లను మూత్రంతో పోల్చండి, పళ్ల స్కోరుతో పోల్చకండి. పిల్లాడు మూడేళ్ల లోపు ఏ ఊళ్లో ఉన్నాడు, ఏ బోరు నీళ్లు తాగాడు అని తల్లినడిగి, ఆ బోరు ఇంకా ఉంటే దాని నీళ్లు విడిగా తెచ్చుకోండి. వలస కుటుంబాలు, మేనమామ ఇంట్లో పెరిగిన పిల్లలు చాలామంది ఉంటారు కాబట్టి ఈ ఒక్క ప్రశ్న మీ డేటాను కాపాడుతుంది. పెద్దవాళ్ల ఎముకల సంగతి ఈ థీసిస్‌లో కలపకండి. అంత ఆసక్తి ఉంటే ఆర్థో పీజీ ఎవరితోనైనా కలిసి, నొప్పులతో ఓపీకి వచ్చి ఎలాగూ ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లతో విడిగా పేపర్ రాయొచ్చు. రీసెర్చ్ కోసమని పిల్లలకు ఎక్స్‌రే తీయాలంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. సమ్మతి పత్రం తెలుగులోనే ఉండాలి, చదవలేని తల్లికి చదివి వినిపించాలి. రిజల్ట్ వచ్చాక ఆ ఊళ్లో ఏ బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో పంచాయతీకి రాసి ఇవ్వండి.

మీ కాలేజీలో అయాన్ మీటర్ లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో అడగండి, ఒక కో-గైడ్ పేరు పెడితే చాలామంది ఒప్పుకుంటారు. ఎథిక్స్ అనుమతి, డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) అనుమతి రెండూ వేసవిలోపే తెచ్చుకుంటే జూన్‌లో స్కూళ్లు తెరిచాక పని మొదలవుతుంది. మూత్రం శాంపిళ్లు మాత్రం ఎండలు తగ్గాక, జూలై తర్వాత పెట్టుకోండి.