విడాకులైతే సగం ఆస్తి వస్తుందా?

ప్రశ్న: పెళ్లయి 11 ఏళ్లయింది. మావారు విడాకులకు కేసు వేశారు. విజయనగరంలో ఆయన పేరున ఇంటి స్థలం కొన్నప్పుడు నా జీతం డబ్బు కూడా పెట్టాను. ఇద్దరి పేరునా బ్యాంకు అప్పుతో ఫ్లాట్ ఉంది. నా 18 తులాల బంగారం అత్తగారి బీరువాలోనే ఉంది. పసుపు కుంకుమల కింద నాన్న గరివిడి దగ్గర 50 సెంట్లు ఇచ్చారు, కాగితం రాయలేదు. నాకు సగం వస్తుందా?
- ఒక సోదరి, బొబ్బిలి

జవాబు: సగం అనే లెక్క హిందూ వివాహ చట్టంలో లేదమ్మా. దేనికది విడిగా తేలాల్సిందే.

బంగారం స్త్రీధనం, పూర్తిగా మీదే. ఎవరి బీరువాలో ఉన్నా హక్కు మారదని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే చాలామంది కౌంటర్‌లో (భర్త కేసుకు కోర్టులో వేసే జవాబులో) ‘నగలు ఇప్పించండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. ఏ నగ ఎన్ని గ్రాములో జాబితా రాసి, కొట్టు బిల్లులు, పెళ్లి ఫొటోలు జత చేయండి.

ఫ్లాట్ దస్తావేజులో వాటాలు రాసుంటే అవే. లేకుంటే ఎవరు ఎంత కట్టారో బ్యాంకు స్టేట్‌మెంట్లతో చూపాలి. రుజువు లేకపోతే చెరిసగం అనుకుంటారు. మీ వాటా ఆయనకు వదిలేసినా అప్పు పత్రం మీద మీ సంతకం అలాగే ఉంటుంది. ఆయన కిస్తీ ఎగ్గొడితే బ్యాంకు మీ మీదికే వస్తుంది. అప్పులోంచి మిమ్మల్ని తప్పించినట్టు బ్యాంకు లేఖ చేతికొచ్చాకే వాటా వదలండి.

స్థలం విషయమే కష్టం. మీ ఖాతా నుంచి డబ్బు వెళ్లినట్టు చూపగలిగితే వాటా అడగొచ్చు; మీ సొంత ఆదాయంతో భర్త పేరున కొన్నదానికి బినామీ చట్టం (ఒకరి డబ్బుతో మరొకరి పేరున ఆస్తి కొనడాన్ని నిషేధించేది) అడ్డు కాదు. వాటా రాకపోయినా హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం తేల్చేటప్పుడు కోర్టు ఆయన ఆస్తిని చూస్తుంది, ఆ భరణానికి ఈ స్థలాన్నే హామీగా కట్టేయగలదు కూడా. ఇప్పుడే ఈసీ (ఆ స్థలంపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, ఆయన స్థలం అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) అడగండి.

నాన్నగారి భూమిలో మీ భర్తకు చిల్లిగవ్వ హక్కు లేదు. కానీ నోటిమాటగా ఇస్తే చట్టం ముందు అది మీకూ రాలేదు. ఇద్దరు సాక్షుల సంతకాలతో గిఫ్ట్ డీడ్ వెంటనే రిజిస్టర్ చేయించుకోండి. రేపు అన్నదమ్ములతో పేచీ రాకూడదు కదా.

రాజీకి వస్తే మరో జాగ్రత్త: కేసులో లేని స్థలాన్ని రాజీ డిక్రీలో (రాజీ షరతులతో కోర్టు ఇచ్చే ఉత్తర్వులో) రాయించుకుంటే, దాన్ని రిజిస్టర్ చేయించాలి. లేకుంటే హక్కు బదిలీ కాదు.