ఆఫర్ వదిలేసి గ్రాంటుకు రాస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ చివరి ఏడాది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చినా చేరనంటోంది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ (కోడ్‌ను ఎవరైనా ఉచితంగా చూసి వాడుకునేది) రాస్తుందట, దానికి ప్రభుత్వాలే గ్రాంట్లు ఇస్తాయట. ఉద్యోగమా, గ్రాంటా? పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, నరసరావుపేట)

జవాబు: పోల్చే ముందు ఒక మాట. మీ పూర్తి ఉత్తరంలో ఆఫర్ జీతం నాలుగు చోట్ల ఉంది. అమ్మాయి రాస్తున్న సాఫ్ట్‌వేర్ ఏమిటో ఒక్క చోటా లేదు. రాత్రిళ్లు కూర్చుని ఏం చేస్తోందో అడగకుండానే పనికిరాని పని అని తేల్చేశారు. ఇది సరికాదండీ. పిల్ల దారి తప్పుతోందన్న భయం మీ మాటల్లో కనిపిస్తోంది. పిల్ల దారి తప్పడం లేదు, ధైర్యంగా ఉండండి.

అలాగని గ్రాంటును నమ్ముకుని ఆఫర్ వదులుకోమని నేను చెప్పను. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ ఇచ్చే పరిశోధన గ్రాంట్లు ప్రధానంగా యూనివర్సిటీల్లో, పరిశోధన సంస్థల్లో రెగ్యులర్ పోస్టులో ఉన్నవారికి వస్తాయి. డిగ్రీ ఇంకా చేతికి రాని అమ్మాయి వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఎస్ఎఫ్ 2022లో 'పోజ్' అనే పథకం తెచ్చింది. అది కొత్తగా కోడ్ రాయడానికి కాదు, ఇప్పటికే జనం వాడుతున్న ప్రాజెక్టును నడిపే వ్యవస్థను కట్టడానికి. జర్మనీ ప్రోటోటైప్ ఫండ్ వ్యక్తులకే ఇస్తుంది, కానీ వాళ్లు జర్మనీలో ఉండాలి.

మన పిల్లలకు నిజంగా తలుపు తెరిచింది నెదర్లాండ్స్‌లోని ఎన్ఎల్‌నెట్ అనే సంస్థ. యూరోపియన్ యూనియన్ డబ్బుతో, ఎన్‌జీఐ జీరో పేరిట 5,000 నుంచి 50,000 యూరోల వరకు ఇస్తూ వచ్చింది. యూరప్‌కు ఏం ఉపయోగమో చూపగలిగితే ఇక్కడి నుంచీ అడగొచ్చు. అయితే పని ఒక్కో దశ పూర్తయ్యాకే డబ్బు వస్తుంది. అప్పటిదాకా ఇంటి ఖర్చు ఎవరు మోస్తారు? అమ్మాయి ఈ లెక్క వేసుకుందా?

2019 ఏప్రిల్‌లో కృష్ణబిలం తొలి చిత్రం ప్రపంచమంతా చూసింది. దాని వెనక శాస్త్రీయ లెక్కలు చేసే సైపై, గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. కొద్ది రోజులకే సైపైకి సాయం కోరిన దరఖాస్తును, తగినంత ప్రభావం లేదంటూ ఎన్ఎస్ఎఫ్ తిరస్కరించింది. అంత పేరున్నవాళ్లకే ఇలా జరిగితే, కొత్తవాళ్లు రెండు మూడు తిరస్కారాలకు సిద్ధపడే దరఖాస్తు పెట్టాలి.

మెషీన్ లెర్నింగ్‌కు వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సైకిట్-లెర్న్ కథ మాత్రం అమ్మాయికి తప్పక చెప్పండి. 2007లో ఒక విద్యార్థి వేసవి ప్రాజెక్టుగా మొదలైంది. 2010లో ఫ్రాన్స్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇన్రియాలోని బృందం దాన్ని అందుకుంది. ముందు పని కనబడింది, డబ్బు తర్వాత వచ్చింది. మన అమ్మాయి కూడా ముందు ఐఐటీ బాంబేలోని ఫాస్సీ ఫెలోషిప్‌కు ప్రయత్నించవచ్చు. కేంద్ర విద్యాశాఖ నిధులతో నడిచే ప్రాజెక్టు అది, విద్యార్థులకు సరిపోతుంది.

నా మాట వింటే ఉద్యోగంలో చేరనివ్వండి, సాఫ్ట్‌వేర్ పని ఆపించకండి. ఆ కోడ్ చూసి రేపు ఇంకో మంచి అవకాశమూ రావచ్చు. ఒక్క జాగ్రత్త: కొన్ని ఆఫర్ లెటర్లలో, ఖాళీ సమయంలో రాసిన కోడ్ కూడా కంపెనీదేనన్న షరతు ఉంటుంది. సంతకం పెట్టకముందే, తన ప్రాజెక్టుకు మినహాయింపు ఇస్తారా అని హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి.