పెళ్లి ఆర్డర్ వచ్చింది... కెమెరా కొనివ్వాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. అబ్బాయి కడపలో బీకాం రెండో సంవత్సరం. రెండేళ్లుగా ఫోన్‌తో, అప్పుడప్పుడు స్నేహితుడి కెమెరాతో ఫొటోలు తీస్తున్నాడు. గండికోటలో తీసినవి చూసి అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు తెలిసినవాళ్ల పెళ్లికి 15 వేలకు ఒప్పుకొని, 2 వేలు అడ్వాన్స్ కూడా తీసుకున్నాడు. లక్షన్నర కెమెరా ఈఎంఐలో కొనివ్వమంటున్నాడు. నా దగ్గర చీటీ డబ్బు 80 వేలు ఉంది. చదువు మానేసి ఇదే పని చేస్తానంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, కెమెరా కొనివ్వండి, ఈఎంఐ మాత్రం వద్దు. ఆ 80 వేలలోనే పని అవుతుంది. బీకాం పూర్తి చేయనివ్వండి. ఆ పెళ్లి మాత్రం ఒంటరిగా చేయనివ్వకండి. ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చివరి మాటే.

గండికోటలో పెన్నా లోయ ఎక్కడికీ పోదు. ఈరోజు వెలుగు కుదరకపోతే రేపు మళ్లీ వెళ్లవచ్చు. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టరు. డబ్బు తీసుకున్నాక ఫొటో అందంగా ఉండటం రెండో సంగతి, ముందు ఫొటో అంటూ ఉండాలి. సరదాకు కొనే కెమెరాకూ, పనికి కొనే కెమెరాకూ తేడా ఇక్కడే మొదలవుతుంది. షోరూంలో మెగాపిక్సెళ్లు చూపిస్తారు. పనికి కావలసినవి మాత్రం రెండు కార్డు స్లాట్లు, చీకట్లో పనిచేసే లెన్స్, అదనపు బ్యాటరీ.

రెండు స్లాట్లుంటే, కెమెరాలో అలా సెట్ చేసుకుంటే, ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది. ఒక కార్డు చెడిపోయినా పెళ్లి పోదు. కొత్త మోడల్ కదా అని ఈ సంగతి చూడకుండా కొనేస్తారు. నికాన్‌లో 2015లో వచ్చిన డి7200కు రెండు స్లాట్లున్నాయి, దాని తర్వాత 2017లో వచ్చిన డి7500కు ఒక్కటే. రెండూ మంచి కెమెరాలే అయినా, డబ్బు తీసుకొని చేసే పనికి నేను పాతదాన్నే ఎంచుకోమంటాను.

ఇక లెన్స్. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌ను 55 దగ్గర పెడితే ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికన్నా దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి రానిస్తుంది. తెల్లవారుజామున ముహూర్తం అనుకోండి. ఎఫ్ 1.8 దగ్గర ఐఎస్‌ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600, షటర్ 1/200తో (సెకనులో 200వ వంతు) వచ్చే ఫొటో, ఆ కిట్ లెన్స్‌తో 1/20కి దిగితే గానీ రాదు. 1/20 దగ్గర పెళ్లికూతురు తల కాస్త కదిలినా ముఖం చెదిరిపోతుంది. ఫోన్‌లో ఈ ఇబ్బంది కనబడదు, ఎందుకంటే అది నాలుగైదు ఫొటోలు కలిపి ఒకటి చేస్తుంది. ఆల్బంలో 12×36 షీటు మీద వేసినప్పుడు ఆ ముఖం మైనంలా తేలుతుంది. అలాగని ఎఫ్ 1.8నే నమ్ముకోకూడదు. గ్రూపు ఫొటోకు అదే పెడితే ముందు వరుస స్పష్టంగా వచ్చి, వెనక నిలబడ్డ పెద్దవాళ్లంతా మసకబారతారు. అక్కడ ఎఫ్ 5.6, ఫ్లాష్.

80 వేలను ఇలా సర్దండి. రెండు స్లాట్ల సెకండ్‌హ్యాండ్ బాడీ (లెన్స్ లేని కెమెరా), దానితో 18-55 లాంటి లెన్స్ కలిపి 40 వేలు దాటొద్దు. 50 ఎంఎం లెన్స్ పాతదైనా సరే, 12 వేలలోపు. తనలో మోటార్ లేని పాత డి రకం 50 ఎంఎం లెన్స్ కూడా డి7200 మీద ఆటోఫోకస్ చేస్తుంది, బాడీలోనే మోటార్ ఉంది కాబట్టి. డి5600 లాంటి వాటి మీద చేయదు. తల తిప్పుకునే ఫ్లాష్‌కు 9 వేలు, రెండు కార్డులు, అదనపు బ్యాటరీకి 6 వేలు, హార్డ్‌డిస్క్‌కు 6 వేలు, ట్రైపాడ్‌కు 3 వేలు. మిగిలిన 4 వేలు బ్యాగుకు, దుమ్ము ఊదే రబ్బరు బ్లోయర్‌కు.

సెకండ్‌హ్యాండ్ బాడీ అంటే భయం అక్కర్లేదు, చూడటం తెలిస్తే చాలు. అబ్బాయిని సొంత కార్డు తీసుకెళ్లమనండి. ఒక జేపెగ్ ఫొటో తీసి ఇంటర్నెట్‌లో షటర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టారో చూడవచ్చు. నికాన్‌లో ఆ అంకె ఫొటోలోనే దాగి ఉంటుంది, చాలా కేనన్ మోడళ్లలో ఉండదు. డి7200 షటర్‌ను కంపెనీ లక్షన్నర క్లిక్కులకు పరీక్షించింది. ఒక్కో పెళ్లికి మూడు వేల క్లిక్కులు వేసుకున్నా 50 పెళ్లిళ్లకు ఆ లెక్క నిండుతుంది కాబట్టి, పెళ్లిళ్లు తిరిగిన బాడీ అయితే 60 వేల క్లిక్కులు దాటినదాన్ని వదిలేయండి. ఎఫ్ 16 పెట్టి ఆకాశం ఫొటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్ల చుక్కలుగా కనబడుతుంది. దుమ్మయితే శుభ్రం చేయించుకోవచ్చు. లెన్స్‌లోకి వెనకనుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడులాంటి పోగులు కనబడ్డాయా, అది ఫంగస్, కొనొద్దు. రెండు స్లాట్లలోనూ కార్డు పెట్టి చూడాలి. అసలు బిల్లు అడగాలి, అందులోని సీరియల్ నంబరు బాడీ కింద ఉన్న నంబరుతో సరిపోవాలి.

ఇప్పుడు ఏ పనితో మొదలుపెట్టాలన్నది. మీరుండేది ప్రొద్దుటూరు, ఊరినిండా బంగారు అంగళ్లు. దూరమైనా రాయలసీమలోనే ధర్మవరం పట్టుచీరలు. ఈ వ్యాపారులందరికీ వాట్సాప్‌లో పంపుకోవడానికి ఫొటోలు కావాలి. పగలు చేసే పని, కుదరకపోతే మళ్లీ తీయగలిగిన పని. చదువుకునే కుర్రాడికి పెళ్లికన్నా ఇది ఎన్నో రెట్లు నయం.

నగలకు కిటికీ వెలుగు చాలు. కిటికీకి బటర్ పేపర్ అంటించి, నగకు రెండు పక్కలా తెల్ల థర్మకోల్ నిలబెట్టాలి. మెరుగు పెట్టిన బంగారం అద్దంలాంటిది, చుట్టూ ఏముంటే అదే చూపిస్తుంది. అంతా తెలుపే ఉంటే నగ అంచులు కరిగిపోతాయి, అందుకే ఒక పక్క సన్నని నల్ల చార్టు ముక్క పెడతారు. ట్యూబులైట్లు ఆర్పేయాలి. కిటికీ వెలుగు, ట్యూబు వెలుగు కలిస్తే బంగారం పచ్చగా కాక ఆకుపచ్చగా వస్తుంది. ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ 100, ఎఫ్ 11, రెండు సెకన్ల టైమర్. 50 ఎంఎం లెన్స్ 45 సెంటీమీటర్లకన్నా దగ్గరికి ఫోకస్ కాదు, ఉంగరం చిన్నగా పడుతుంది. బాడీకీ లెన్స్‌కూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబు అనే ఖాళీ గొట్టం బిగిస్తే దగ్గరికి వెళ్లవచ్చు. ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పండి: నగ అంగడి దాటకూడదు, అంగడి మనిషి పక్కన లేకుండా తీయకూడదు.

చీరల్లో గొడవంతా రంగు దగ్గరే. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయిన పట్టు, చూసే కోణాన్ని బట్టి మారుతుంది, కాబట్టి రెండు కోణాల్లో తీసి రెండూ పంపాలి. మొదటి ఫొటోలో గ్రే కార్డు (బూడిదరంగు అట్ట) పెట్టి వైట్ బ్యాలెన్స్ (రంగులు అసలులా వచ్చేలా చేసే సర్దుబాటు) దాన్నిబట్టి సరిచేయాలి. ఎరుపు, రాణీ రంగు చీరలకు వెలుగు కాస్త తగ్గించి తీయాలి. లేకపోతే నేత గీతలు పోయి ఒకే ముద్దగా వస్తుంది. కెమెరా మార్పులేవీ చేయకుండా దాచే రా ఫార్మాట్‌లో తీస్తే తర్వాత సరిదిద్దుకునే వీలుంటుంది. రంగు తప్పితే కొన్నావిడ చీర వెనక్కి పంపుతుంది, ఆ వ్యాపారి మళ్లీ మీ అబ్బాయిని పిలవడు.

ధర చెప్పేటప్పుడు ఫొటో తీసిన గంటలే లెక్కవేస్తే నష్టపోతాడు. ఎడిటింగ్ గంటలు, ప్రయాణం, సామాను అరుగుదల కూడా కలపాలి. పెళ్లికైతే ఆల్బం ఎన్ని షీట్లో, షీటు పెరిగితే ఎంతో కాగితం మీద ఉండాలి. సగం ముందు, ముహూర్తం రోజు కొంత, మిగతాది ఆల్బం ప్రింటుకు పంపేముందే. ఆల్బం చేతికిచ్చాక బాకీ వసూలు చేయడం చాలా కష్టం. ఆషాఢం, మూఢం నెలల్లో పెళ్లి పని ఉండదు. ఏడాది ఆదాయం పని ఉన్న నెలలతోనే లెక్కవేసుకోవాలి. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే, ఇప్పుడు ఆ చింత లేదు.

ఇంకొకటి చాలామంది ఫొటోగ్రాఫర్లకే తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. పెళ్లికూతురి ఫొటోను మీ అబ్బాయి తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. చట్టం లేకపోయినా అడగాల్సిన విషయమే అది.

చదువు సంగతి. ఇంటర్ అర్హతతో కడపలోనే డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది, ఏడీసెట్ ప్రవేశపరీక్ష రాసి చేరాలి. ఇంటర్ అవ్వగానే అడిగి ఉంటే అదే చెప్పేదాన్ని. ఇప్పుడు సగం అయిన బీకాం వదిలి మళ్లీ నాలుగేళ్లు మొదలుపెట్టమనను. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో సినిమాటోగ్రఫీ వైపు వెళ్లాలన్నా డిగ్రీ కావాలి. స్టూడియో పెట్టినా ఖర్చు లెక్క తెలిసినవాడే నిలబడతాడు, అది బీకాంలో నేర్పుతారు.

ఆ పెళ్లివాళ్లకు ఈ వారమే ఫోన్ చేయించండి. ఆ 2 వేలు తిరిగిచ్చి, అనుభవమున్న స్టూడియోను పెట్టుకోమనండి. వాళ్లు వెతుక్కోవడానికి వ్యవధి ఉండాలి కదా. ఆ స్టూడియో ఒప్పుకుంటే మీ అబ్బాయి డబ్బు లేకుండా రెండో కెమెరాగా వెళ్లవచ్చు. మంటపం ముందు చోటు వాళ్లది. అతను పక్కనుంచి బంధువులు, పిల్లలు, అప్పగింతల్లో తల్లి ముఖం తీయాలి. తలంబ్రాలకు షటర్ 1/500 పెడితే బియ్యం గాల్లో నిలుస్తుంది. చవక ఎల్‌ఈడీ లైట్ల కింద అదే వేగానికి ఫొటోలో అడ్డంగా నల్లచారలు పడవచ్చు, అప్పుడు 1/100కి దించాలి. హోమం పొగలో ఫ్లాష్ ఆపేయాలి, లేకపోతే పొగే తెల్లగా వెలిగి మనుషులు కనబడరు. రాత్రి ఇంటికి రాగానే కార్డులు రెండు చోట్ల కాపీ చేసి, తెరిచి చూశాకే ఫార్మాట్ చేయాలి. ఇలా ఐదారు పెళ్లిళ్లు వెనక నిలబడి చేశాక, ముందు ఒక బారసాలో, ఓణీల ఫంక్షనో సొంతంగా ఒప్పుకోనివ్వండి.