ఆటరైలుకు డిజిటల్ హంగులు: ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ పెట్టాలా?

ప్రశ్న: మాది నాయుడుపేట. చాలా ఏళ్లుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. ఆటో విడిభాగాల కంపెనీలో ఉద్యోగం, నెలకు చేతికి రూ.82,000 వస్తుంది. ఇంటి లోను కిస్తీ 24,500, పాప పేరున సిప్ 5,000 కలుపుకుని అన్ని ఖర్చులూ పోగా 9,000 మిగులుతుంది. పాప పదో తరగతి. బ్యాంకులో 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిందే. నాకు మోడల్ రైళ్ల పిచ్చి. హెచ్‌ఓ సైజువి (అసలు రైలులో 87వ వంతు) ఏడు ఇంజిన్లు, పన్నెండు పెట్టెలు ఉన్నాయి. బండి స్టేషన్‌లో ఆగగానే లైట్లు ఆరిపోతున్నాయి, అదే నా బాధ. అందుకే ఎల్‌ఈడీలు పెట్టి, అన్నిటినీ డీసీసీ డిజిటల్ కంట్రోల్‌కు, అంటే ఒక్కో ఇంజిన్‌ను విడివిడిగా నడిపే పద్ధతికి మార్చాలని ఉంది. విదేశీ సైట్‌లో చూస్తే కంట్రోలర్ 30,000, ఐదు మామూలు డీకోడర్లు (ఆదేశాలు అందుకునేందుకు ఇంజిన్‌లో పెట్టే చిన్న సర్క్యూట్లు) 20,000, రైలు శబ్దాలు కూడా చేసే రెండు సౌండ్ డీకోడర్లు 26,000, పెట్టెల లైట్లు 14,400, మొత్తం 90,400 తేలింది. ఎఫ్‌డీ తీయనా? క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టనా? మా ఆవిడ రెండింటికీ ఒప్పుకోవడం లేదు. వీటి విలువ పెరిగేదే కాబట్టి ఇదీ పెట్టుబడే కదా మేడమ్?

జవాబు: రెండూ వద్దండీ. అలాగని రైళ్లు అటక మీద పెట్టేయమనీ చెప్పను. నెలనెలా లోను కట్టి, పాప సిప్ ఆపకుండా నడిపిస్తున్న మనిషికి ఒక సరదా ఉండాల్సిందే. నాకు తెలిసినంతలో సరదా ఒక్కటీ లేనివాళ్లే ఆన్‌లైన్ సేల్స్‌లో ఎక్కువ తగలేస్తారు.

రైళ్ల సంగతి నాకు అంతంత మాత్రమే. నా క్లయింట్లలో ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి పెరంబూరులో ఇలాంటి లేఅవుటే నడుపుతారు. మీ జాబితా ఆయనకు చూపించాకే ఇది రాస్తున్నాను. చూడగానే ఆయన అడిగింది ఒక్కటే: "ఈ ఏడు ఇంజిన్లకూ డీకోడర్లు పెట్టడానికి ఈయనకు ఎన్నాళ్లు పడుతుందట?"

మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. పాత ఇంజిన్‌కు డీకోడర్ పెట్టాలంటే బాడీ విప్పాలి, మోటారు బ్రష్‌ల కనెక్షన్లు రెండూ ఛాసిస్‌కు ఎక్కడా తగలకుండా విడదీయాలి, తీగలన్నీ టంకం వేయాలి, మళ్లీ బాడీ మూసేంత చోటు మిగలాలి. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు కూర్చుంటే నెలకు ఒక ఇంజిన్ పూర్తయితే గొప్పేనని ఆయన లెక్క. మరి ఏడో నెలలో వాడే డీకోడర్‌కు ఇవాళే అప్పు ఎందుకు చేయాలి? మీ చేయి ఎంత వేగంగా నడుస్తుందో డబ్బూ అంతే వేగంగా బయటికి వెళ్లనివ్వండి.

ముందు ఎఫ్‌డీ సంగతి. మీ ఇంటి ఖర్చు నెలకు 73,000. ఆ 2 లక్షలు మూడు నెలలకు కూడా చాలవు. ఉద్యోగానికి ఏదైనా ఇబ్బంది వస్తే ఇంటి కిస్తీ కట్టేది దానితోనే. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, అది చిన్న విషయం. ఆ డబ్బు తప్ప వెనకాల ఇంకేమీ లేకపోవడమే అసలు టెన్షన్. ఈ విషయంలో మీ ఆవిడ మాటకే నా ఓటు.

కార్డు సంగతికొస్తే, విదేశీ సైట్‌లో నో-కాస్ట్ ఈఎంఐ ఉండదు. బిల్లు వచ్చాక బ్యాంకు దాన్ని వడ్డీతో ఈఎంఐగా మారుస్తుంది. అంతకంటే ముందే విదేశీ కరెన్సీ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కొన్నందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము పడుతుంది. చాలా కార్డులకు అది 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 90,400కు ఇదే సుమారు 3,700. ఒక మామూలు డీకోడర్ డబ్బు ఊరికే పోయినట్టే.

ఆ 90,400లో కస్టమ్స్ డ్యూటీ కనిపించలేదు. మన దేశం బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. మోడల్ రైళ్లూ ఆ పద్దులోకే వస్తాయి. ఇక్కడి షాపుల్లో ధర చూస్తే గుండె గుభేలుమనడానికి అదొక కారణం. సొంత వాడకానికి తెప్పించే పార్సిల్‌కు రేటు వేరేగా ఉండొచ్చు, దాని పైన దిగుమతికి వేసే జీఎస్టీ (ఐజీఎస్టీ), కొరియర్ వాళ్ల ఛార్జీలు. అమెరికాలో ఉన్న బావమరిదితో గిఫ్ట్‌గా పంపించుకుందామన్నా లాభం లేదు, గిఫ్ట్ పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2019 డిసెంబరులోనే ఎత్తేశారు. ఏది కొన్నా ఆర్డర్ పెట్టే రోజున డ్యూటీతో కలిపి ఇంటికి చేరే ధర ఎంతో తెలుసుకుని, దాన్నే లెక్కలో రాసుకోండి.

ఇప్పుడు అసలు కోరిక. బండి ఆగినా లైట్లు వెలగాలి. మామూలు డీసీ కంట్రోలర్‌తో పట్టాల మీద వోల్టేజి తగ్గితేనే బండి ఆగుతుంది, కాబట్టి లైటూ ఆరుతుంది. డీసీసీలో పట్టాల మీద వోల్టేజి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఆదేశాలు అందులోనే కలిసి వెళ్తాయి, ఒక్కో ఇంజిన్‌లోని డీకోడర్ తన నంబరుకు వచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది. జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ రూపొందించిన ఈ పద్ధతిని 1990లలో అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ ప్రమాణంగా తీసుకుంది. దానివల్ల జేబుకు జరిగే మేలు ఏమిటంటే, ఒక కంపెనీ కంట్రోలర్‌తో ఇంకో కంపెనీ డీకోడర్ పనిచేస్తుంది. అన్నీ ఒకే బ్రాండ్, ఒకే బిల్లులో కొనాల్సిన పని లేదు.

మొదటి మూడు నెలలు లైట్లతోనే మొదలుపెట్టండి. మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్ మీకు కొత్త కాదు. 3 ఎంఎం వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు, ఒక కిలో ఓమ్ రెసిస్టర్లు చిల్లర డబ్బులకే దొరుకుతాయి. రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీని నేరుగా పెడితే వెంటనే మాడిపోతుంది. 12 వోల్టుల దగ్గర కిలో ఓమ్ పెడితే 9 మిల్లీ ఆంపియర్లు పోతాయి, హెడ్‌లైట్‌కు అది చాలు. ఇప్పుడు బిగించిన ఎల్‌ఈడీ, రెసిస్టర్ రేపు డీకోడర్ వచ్చినా పనికొస్తాయి, కాబట్టి ఈ ఖర్చు వృథా కాదు.

పెట్టెలకు 14,400 పెట్టి రెడీమేడ్ లైట్లు మాత్రం కొనకండి. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను మూడేసి ఎల్‌ఈడీల దగ్గర కత్తిరించుకోవచ్చు. కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకే దిశలోకి మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఒకటి, కాసేపు కరెంటు దాచుకునే 25 వోల్టుల కెపాసిటర్ జత చేస్తే మినుకుమినుకుమనడం తగ్గుతుంది. అయితే ముందు చక్రాలు చూసుకోండి. ప్లాస్టిక్ చక్రాలైతే పట్టాల నుంచి కరెంటు రాదు, లోహపు చక్రాల ఖర్చు వేరే. అంత దూరం వద్దనుకుంటే పెట్టెలో ఒక బటన్ సెల్, అయస్కాంతానికి స్పందించే ఒక రీడ్ స్విచ్ పెట్టి, పైకప్పు మీద అయస్కాంతం ఊపి వెలిగించేవాళ్లూ ఉన్నారట. అలా చేస్తే డీసీసీ లేకుండానే స్టేషన్‌లో ఆగిన బండి కిటికీల్లో దీపాలుంటాయి. పనిముట్లతో కలిపి ఈ భాగానికి 3,000 పెట్టుకోండి.

తర్వాత కంట్రోలర్. 30,000 పెట్టాల్సిన అవసరం కనబడలేదు. డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆర్డ్యునో మెగా అనే చిన్న కంట్రోల్ బోర్డు, పట్టాలకు పవర్ పంపే మోటార్ షీల్డ్, వైఫై బోర్డు, ఒక అడాప్టర్ తెచ్చి అందులో ఎక్కించుకుంటే ఫోన్లోని ఇంజిన్ డ్రైవర్ యాప్‌తో రైలు నడుస్తుంది. అన్నీ రిచీ స్ట్రీట్ సరుకే, 5,000 కేటాయిస్తే సరిపోతుంది. రోజూ యంత్రాల మధ్య పనిచేసే మీకు ఇది కష్టమని నేననుకోను.

పట్టాలు డిజిటల్‌కు మారాక డీకోడర్ లేని ఇంజిన్‌ను వాటి మీద ఉంచకూడదు. మోటారు గీపెడుతుంది, వేడెక్కుతుంది, కాలిపోనూ వచ్చు. ఈ భయంతోనే జనం ఏడింటికి ఏడూ కొనేస్తారు. మధ్యలో ఆఫ్ ఉండి రెండు వైపులకూ మారే ఒక డీపీడీటీ స్విచ్ పెట్టి పాత కంట్రోలర్‌నో కొత్తదాన్నో ఏదో ఒక్కదాన్నే పట్టాలకు కలపండి. పాతవి డీసీ మీద తిరుగుతాయి, మార్చినవి డిజిటల్ మీద తిరుగుతాయి. ఆ చిన్న స్విచ్ మీకు నాలుగు డీకోడర్ల డబ్బు మిగులుస్తుంది.

ఎందుకంటే ఈ ఏడాది మీరు కొనేది మూడే. వారం వారం నిజంగా తిరిగే ఇంజిన్లు ఏవో మీకే తెలుసు. వాటిలో ఎనిమిది పిన్నుల సాకెట్ ఉన్నది ఉంటే దానితో మొదలుపెట్టండి, టంకం బాధ లేదు. డీకోడర్ కోసం ఆ సాకెట్‌లోంచి తీసిన డమ్మీ ప్లగ్‌ను, పాత బల్బులను ఒక కవర్లో వేసి ఇంజిన్ వచ్చిన అట్టపెట్టెలోనే దాచండి, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు అడుగుతాడు. తీగలు కలిపాక నేరుగా మెయిన్ పట్టాల మీద పెట్టకుండా ముందు ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్‌కు నంబరు వేసే విడి పట్టా ముక్క) మీద కంట్రోలర్‌తో డీకోడర్‌ను చదివించి చూడండి. అక్కడ కరెంటు పరిమితంగా ఉంటుంది, తప్పు కనెక్షన్ ఉంటే డీకోడర్ కాలకముందే బయటపడే అవకాశం ఎక్కువ. ఒకటి కాలిందంటే 4,000 బూడిదే, విదేశానికి తిప్పి పంపే ఖర్చు కలిస్తే వారంటీ ఉన్నా లేనట్టే.

లెక్క చూడండి. మిగిలే 9,000లో 5,000 ఆర్‌డీకి వేయండి, ఏడాదికి 60,000 ఎఫ్‌డీకి తోడవుతుంది. 2,000 సొంత హెల్త్ పాలసీ ప్రీమియం కోసం పక్కన పెట్టండి. ఉద్యోగం మారితే కంపెనీ కవర్ కూడా పోతుంది, పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ లేదు. మిగిలిన 2,000 రైళ్లకు. అంటే ఏడాదికి 24,000. లైట్లు 3,000, కంట్రోలర్ 5,000, మూడు డీకోడర్లు 12,000 పోను 4,000 మిగులుతుంది. డ్యూటీకి, కాలిపోయే డీకోడర్‌కు అది ఉంచుకోండి. ఈ 2,000ను వేరే ఖాతాలోకి పంపండి, లేకపోతే కూరగాయల్లో కలిసిపోతుంది.

పెట్టుబడి అన్నారే, అది మాత్రం ఒప్పుకోను. అమ్మాలంటే కొనేవాడు దొరకాలి, మన దేశంలో ఈ సరదా ఉన్నవాళ్లు కొద్దిమందే. పైగా లోపల మీరు చేసిన వైరింగ్‌కు ఇంకొకరు ధర కట్టరు. దీన్ని ఖర్చుగానే రాసుకోండి. సంతోషం కోసం పెట్టే ఖర్చుకు పెట్టుబడి పేరు తగిలించడం వల్లే ఇంట్లో గొడవ పెరుగుతుంది.

సౌండ్ డీకోడర్లు రెండూ జాబితాలోంచి తీసేయండి. మూడు ఇంజిన్లు పూర్తయ్యాక దీపావళి బోనస్‌లోంచి ఒకటి కొనుక్కోవచ్చు, అదీ ఆర్‌డీ ఒక్క నెల కూడా తప్పకపోతేనే. ఎఫ్‌డీ గడువు ఎప్పుడు తీరుతుందో చూసి ఆటో రెన్యూవల్ పెట్టించండి. మీ ఆవిడ పేరు జాయింట్‌గా గానీ నామినీగా గానీ ఉందో లేదో అప్పుడే అడగండి.