థ్యాంక్స్‌గివింగ్ ఉదయం పరుగుకు పిల్లలతో, అత్తమామలతో వెళ్లవచ్చా?

ఈ మధ్యే ఒహాయో వచ్చామన్నారు. మీ ఊరి రన్నింగ్ క్లబ్బు ఏటా థ్యాంక్స్‌గివింగ్ ఉదయం కుటుంబాల కోసం పెట్టే పరుగుకు ఆరేళ్ల, తొమ్మిదేళ్ల పిల్లల్నీ, ఇండియా నుంచి వచ్చిన అత్తమామల్నీ తీసుకువెళ్లవచ్చా, ఇంట్లో ఎవరికీ పరుగు అలవాటు లేదు, నవ్వులపాలవుతామేమో అని మీ సందేహం. నిక్షేపంగా వెళ్లండి. మేము కొలంబస్ శివార్లలో ఉంటాం, ఇలాంటి పరుగుకు ఏటా ఇంటిల్లిపాదీ బయలుదేరతాం. అక్కడ మిమ్మల్ని చూసి నవ్వే తీరిక ఎవరికీ ఉండదు. సగం మంది తలపై టర్కీ కోడి ఆకారంలో టోపీలు పెట్టుకుని వస్తారు.

దీన్ని టర్కీ ట్రాట్ అంటారు. థ్యాంక్స్‌గివింగ్ పండుగ నాడు, అంటే నవంబరు నాలుగో గురువారం మధ్యాహ్నం ప్రతి ఇంట్లో భుక్తాయాసం వచ్చేంత విందు ఉంటుంది కనుక, పొద్దున్నే కాస్త చెమట పట్టించి రావడం ఇక్కడి ఆనవాయితీ. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో 1896లో ఆరుగురితో మొదలైన 8 కిలోమీటర్ల పరుగు వీటన్నింటికీ పెద్దక్క. 1897లో మొదలైన బోస్టన్ మారథాన్ కన్నా కొన్ని నెలలు ముందే పుట్టింది. ఇప్పుడక్కడికి వేలల్లో వస్తారు. అయితే పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవారికి పెద్ద నగరాల జనసముద్రం కన్నా మీ ఊరి క్లబ్బు పరుగే మేలని నా అభిప్రాయం. బండి దగ్గరలో పెట్టుకోవచ్చు, మరుగుదొడ్డి దగ్గర పెద్ద వరుస ఉండదు, తప్పిపోయిన పిల్లవాడు నిమిషంలో దొరుకుతాడు.

సాధారణంగా రెండు దూరాలు ఉంటాయి: 5 కిలోమీటర్లు, ఒక మైలు. మీరు అందరికీ ఒక మైలే రాయించండి. కబుర్లు చెప్పుకుంటూ నడిచినా అరగంటలోపు అయిపోతుంది. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, నాన్న ఒక్కడు 5 కిలోమీటర్లకు పేరిచ్చి మాయమవుతాడు, మిగతావాళ్లు చలిలో ఆయన కోట్లు మోస్తూ నిలబడతారు. అంత సరదా ఉంటే రెండూ వేర్వేరు సమయాల్లో మొదలవుతాయేమో చూసుకోమనండి, రెండింట్లోనూ పాల్గొనవచ్చు. మొదలయ్యే చోట మాత్రం అందరూ వెనకగా నిలబడండి. ముందు వరుసలు వేగంగా పరుగెత్తేవాళ్లవి. ఉత్సాహం కొద్దీ పిల్లలు అక్కడ దూరితే తొక్కిసలాటలో పడిపోతారు. అలాగే మనవాళ్లు పెళ్లి ఊరేగింపులా రోడ్డంతా పరుచుకుని నడుస్తారు. ఇద్దరిద్దరుగా, కుడి పక్కన నడిస్తే వెనకవాళ్లకు దారి ఉంటుంది.

చలి సంగతి. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా అనిపించేలా బట్టలు వేసుకుంటే నడక మొదలయ్యాక సరిపోతుంది. ఈ మాట పరుగెత్తేవాళ్లకే గాని అత్తగారికి, మామగారికి కాదు. వాళ్లకు లోపల థర్మల్, పైన స్వెట్టర్, కోటు, మంకీ క్యాప్, చేతులకు తొడుగులు అన్నీ వేయండి. మా అత్తగారు చీర మీదే నడుస్తారు. కుచ్చిళ్లు చీలమండకు కాస్త పైకి కట్టుకుని, కింద లెగ్గింగ్, కాళ్లకు మేజోళ్లు, బూట్లు. ఇందులో ఇబ్బందేమీ లేదు. పిల్లలకు నూలు బనియను వద్దు. చెమటకు తడిసిందంటే ఆగిన మరుక్షణం వణుకుతారు.

పరుగులో బట్టలకు పిన్నీసులతో పెట్టుకునే నంబరు కాగితం ముందురోజే తెచ్చుకోండి. ఉదయం అక్కడ తొడుగులు తీసి, కొంకర్లు పోయే వేళ్లతో నాలుగు మూలలా పిన్నీసులు పెట్టడం పెద్ద శిక్ష. కోటుకు పెట్టుకుంటే మధ్యలో కోటు విప్పినప్పుడు నంబరు కూడా పోతుంది. పిల్లలకు ప్యాంటు మీద, తొడ దగ్గర పెడితే పైన ఎన్ని తీసినా ఫరవాలేదు. ఒక ఏడాది మా క్లబ్బు బల్ల దగ్గర పిన్నీసులు నిండుకున్నాయి. మా అత్తగారు చేతి గాజులకు వేలాడుతున్నవన్నీ తీసి వరసగా పంచిపెట్టారు. మరుసటి ఏడు ఆ బల్ల దగ్గరి వాలంటీరు మా అత్తగారిని చూసి ముందే దండం పెట్టింది. కాగితం వెనక మీ సమయం లెక్కపెట్టే చిప్ ఉంటే మడవకండి. అత్యవసరంలో ఎవరికి ఫోను చేయాలో రాసే చోటు ఉంటే తప్పక నింపండి. పేర్లు మార్చి పెట్టుకోవద్దు కూడా. తాతగారి నంబరు మనవడికి తగిలిస్తే డెబ్బై ఏళ్లవాళ్ల విభాగంలో బహుమతి తాతగారికి వచ్చిపడుతుంది. నిజంగా ఆ వయసులో పరుగెత్తిన పెద్దాయన నోట్లో మట్టి కొట్టినట్టవుతుంది.

పేర్లు నమోదు చేసేటప్పుడు ఏదైనా జరిగితే బాధ్యత మాదే అని సంతకం పెట్టించుకుంటారు. పెద్దవాళ్లకు బీపీ, గుండె జబ్బు ఉంటే వాళ్ల సందర్శకుల బీమాలో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో ఒకసారి చదివి, వాళ్ల డాక్టరును అడిగి అప్పుడు పెట్టండి. రోజూ నడిచే అలవాటున్న మామగారు మీకన్నా హాయిగా పూర్తి చేస్తారు. మోకాళ్ల నొప్పులుంటే చివరి మలుపు దగ్గర కుర్చీ వేసి, చేతికి ఫ్లాస్కులో టీ ఇచ్చి కూర్చోబెట్టండి. చప్పట్లు కొట్టేవాళ్లు కూడా కావాలి. చాలా క్లబ్బుల్లో అందరికన్నా వెనక ఒక వాలంటీరు నడుస్తారు కాబట్టి, ఆఖరున మిగిలిపోతామనే భయం అక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం కాస్త గట్టిగా చెబుతాను. మైలు దాటి వచ్చిన పిల్లవాణ్ణి "ఎన్నో స్థానం వచ్చింది?" అని అడగకండి. ఇది మనకు నాలుక చివరే ఉంటుంది. చిన్నపిల్లల పరుగుకు చాలాచోట్ల స్థానాలు రాయనే రాయరు, అందరికీ ఒకటే రిబ్బనో, పతకమో ఇస్తారు. ఆ ఆరేళ్లవాడు దాన్ని వారం రోజులు మెడలోంచి తీయడు. పక్కింటివాడికి కూడా అదే వచ్చిందని వాడికి గుర్తు చేయాల్సిన పని లేదు.

అయ్యాక అరటిపండ్లు, బేగెల్ అనే గుండ్రటి రొట్టె, వేడి చాక్లెట్ ఉంటాయి. సూప్ పెడితే శాకాహారులు అడిగి తీసుకోండి, కూరగాయల సూప్ అని ఉన్నా కోడి రసంతో కాచి ఉండవచ్చు. పేదలకు పంచడానికి డబ్బా ఆహారం తెమ్మని కొన్నిచోట్ల అడుగుతారు, పిల్లల చేత వేయించండి. పరుగువాళ్లిచ్చే టీషర్టు మీ కొలతలో కావాలంటే గడువు లోపే డబ్బు కట్టాలి. ఆ రోజు దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, పాలు, పెరుగు బుధవారమే తెచ్చిపెట్టుకోండి.