ఎంబీఏ సీటు వచ్చింది, ఫీజు సంగతేంటి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి ఐఐఎంలో సీటు వచ్చింది. మేం ఎస్సీలం. ఇంటి ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపే. టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు బాధ ఉండదంటున్నారు. నిజమేనా? ఎలా అప్లై చేయాలి? (ఒక తల్లి, ఒంగోలు)

జవాబు: నిజమేనండీ. ఆదాయ పరిమితి 8 లక్షలు కాబట్టి మీ అబ్బాయికి అర్హత ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే ఈ పథకంలో ట్యూషన్ ఫీజు, తిరిగి ఇవ్వని ఇతర ఫీజులు మొత్తం వస్తాయి. ఏడాదికి 2 లక్షలనే పరిమితి ప్రైవేటు సంస్థలకే, ఐఐఎంలకు లేదు. ఇది కాక భోజనం, బస, పుస్తకాలు, కంప్యూటర్ ఖర్చులకని మొదటి ఏడాది 86,000, రెండో ఏడాది 41,000 రూపాయలు ఇస్తారు.

అయితే సీటు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది రాదు. ఒక్కో సంస్థకు ఇన్ని అని కేటాయింపు ఉంటుంది. అంతకంటే ఎక్కువమంది ఉంటే మెరిట్ చూస్తారు. మొదటి ప్రాధాన్యం ఫస్టియర్ వాళ్లదే, కాబట్టి సెకండియర్‌లో చూద్దాంలే అనుకోవద్దు. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు మించి ఇవ్వరు.

అప్లికేషన్ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. ముందు ఆధార్‌తో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఒక నంబరు వస్తుంది, దానితోనే లాగిన్. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు గ్రామ/వార్డు సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు చేయండి. సబ్మిట్ కొట్టాక మొదటి తనిఖీ కాలేజీ నోడల్ అధికారిది (కాలేజీలో స్కాలర్‌షిప్‌ల పని చూసే అధికారి). ఏదైనా తప్పుంటే ‘డిఫెక్టివ్’ అని వెనక్కి పంపుతారు. గడువులోగా సరిదిద్ది మళ్లీ పంపకపోతే ఆ ఏడాదికి అంతే. అందుకే వారానికోసారైనా స్టేటస్ చూడమనండి.

మన పిల్లల అప్లికేషన్లు ఎక్కువగా చిక్కుకునేది రెండు చోట్ల. ఒకటి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరంగానో, చివర్లోనో ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆధార్‌లో మెమో ప్రకారం మార్పించండి. రెండోది బ్యాంకు. డబ్బు ఆధార్‌కు సీడింగ్ అయిన, అంటే ప్రభుత్వ సొమ్ము జమయ్యేందుకు ఆధార్‌తో ముడిపెట్టిన ఖాతాలోకే వెళ్తుంది. ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన సీడింగ్ అయినట్టు కాదు, దానికి బ్యాంకులో విడిగా సమ్మతి పత్రం ఇవ్వాలి. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాకు సీడింగ్ ఉండిపోతే డబ్బు అక్కడికి పోతుంది, ఆ ఖాతా పనిచేయకపోతే తిరిగి వెళ్లిపోతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే ఏ బ్యాంకో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంకో మాట. స్కాలర్‌షిప్ డబ్బు చేతికొచ్చేలోగా మొదటి టర్మ్ ఫీజు గడువు దాటిపోవచ్చు. పాత ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 20 లక్షలు దాటింది. విద్యారుణం మంజూరు చేయించి పెట్టుకోండి. బ్యాంకు వాయిదాల్లోనే విడుదల చేస్తుంది, విడుదలైన మొత్తానికే వడ్డీ. స్కాలర్‌షిప్ రాగానే రుణంలో జమ చేయండి.

ప్రశ్న: ఎంబీఏ అయ్యాక ఉద్యోగం కాదు, సొంత వ్యాపారం పెట్టాలని ఉంది. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే ఈఎంఐ ఎప్పటినుంచి కట్టాలి? (ఒక విద్యార్థిని, కరీంనగర్)

జవాబు: చదువు అయ్యాక ఒక ఏడాది వరకు ఈఎంఐ ఉండదు. ఆ తర్వాత గరిష్ఠంగా 15 ఏళ్లు. చాలామందికి తెలియనిది ఒకటుంది: బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకంలో, చదువయ్యాక స్టార్టప్ పెట్టేవాళ్లకు ఇంక్యుబేషన్ కాలంలోనూ (కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఇంక్యుబేటర్ సంస్థలో ఉన్నంత కాలం) వాయిదాలు ఆపే వీలుంది. అది దానంతటది రాదు, నిర్ణయం బ్యాంకుది. ఈఎంఐ మొదలవకముందే ఇంక్యుబేటర్ లేఖ, కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం జతచేసి రాతపూర్వకంగా అడగండి.

వడ్డీ మాత్రం ఆగదు. 10 లక్షలకు 9 శాతం చొప్పున నెలకు 7,500, ఏడాదికి 90,000 అసలుకు కలుస్తుంది. అదే 10 లక్షలను 15 ఏళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు 10,140 దాకా వస్తుంది. అందుకే వ్యాపారం తొలి ఏడాదిలో కనీసం వడ్డీ వరకైనా కడుతూ ఉండండి. రుణంలో మీతోపాటు నాన్నగారి సంతకం ఉంటుంది, వాయిదా తప్పితే ఆయన సిబిల్ స్కోరూ (రుణాల చెల్లింపు తీరును చూపే స్కోరు) పడిపోతుంది.

కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కూడా చూడండి. ఎంపిక చేసిన సంస్థల్లో మెరిట్‌తో సీటొస్తే హామీదారు, తాకట్టు అక్కర్లేదు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల రుణం వరకు వడ్డీ రేటులో 3 శాతం పాయింట్లు కేంద్రం భరిస్తుంది (9 శాతమైతే మీకు 6 శాతమే). ఇది చదువు కాలానికి, ఆపై ఏడాదికే. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటే ఈ వడ్డీ రాయితీ రాదు. మేనేజ్‌మెంట్ కోటా వాళ్లకు ఈ పథకం వర్తించదు.

ప్రశ్న: చిన్న స్టార్టప్ నడుపుతున్నాను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎంబీఏ చేయాలని కోరిక. మనవాళ్లకు ఏదైనా సాయం ఉందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఉంది, స్టాన్‌ఫర్డ్ ఎంబీఏకు ఇచ్చే రిలయన్స్ ధీరూభాయ్ ఫెలోషిప్. భారత పౌరులై, ఇక్కడే నివసిస్తూ, ఆర్థిక అవసరం చూపించగలిగినవారికి ఇస్తారు. ఏటా ఐదుగురి దాకా ఎంపిక చేసి రెండేళ్ల ట్యూషన్, దానికి సంబంధించిన ఫీజులు భరిస్తారు. చదువయ్యాక రెండేళ్లలోగా భారత్‌కు తిరిగొచ్చి, కనీసం రెండేళ్లు ఇక్కడ పనిచేయాలి. ముందు ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టాలి, ఫైనలిస్టుగా ఎంపికయ్యాక ఎంబీఏ అడ్మిషన్‌కు విడిగా అప్లై చేయాలి. ఈ వరస తెలియక ముందు అడ్మిషన్ తెచ్చుకుందామని కూర్చుంటే ఫెలోషిప్ గడువు దాటిపోతుంది. అద్దె, భోజనం ఖర్చు మీరే చూసుకోవాలి కాబట్టి ఆ లెక్క వేరుగా వేసుకోండి.